మంగళవారం భోజనాల దగ్గర నడిపిన యుద్ధం

వియత్నాంలో ఓటమికి వాషింగ్టన్ నాయకులే కారణమని, తమ చేతులు కట్టేశారని అమెరికా సైనికాధికారులు చాలామంది దశాబ్దాలుగా చెబుతూ వచ్చారు. కట్టేసిన మాట నిజమే. 1965 మార్చిలో ఉత్తర వియత్నాం మీద 'రోలింగ్ థండర్' పేరుతో బాంబుదాడులు మొదలయ్యాక, ఏ వంతెనను కూల్చాలి, ఏ చమురు డిపో జోలికి పోకూడదు అన్నది ఎక్కువగా వైట్‌హౌస్‌లో మంగళవారం మధ్యాహ్న భోజనాల దగ్గరే తేలేది. అధ్యక్షుడు జాన్సన్, రక్షణ మంత్రి మెక్‌నమారా, విదేశాంగ మంత్రి డీన్ రస్క్, జాతీయ భద్రతా సలహాదారు, ఆఖరికి ప్రెస్ సెక్రటరీ కూడా అక్కడ కూర్చునేవారు. సైన్యం తరఫున జాయింట్ చీఫ్స్ (త్రివిధ దళాల అధిపతుల మండలి) ఛైర్మన్ జనరల్ వీలర్‌కు ఆ భోజనాల్లో శాశ్వతంగా చోటు దొరికింది 1967 చివర్లోనే.

వింటే ఒళ్లు మండుతుంది. కానీ ఆ ఆంక్షలు ఊరికే పెట్టినవి కావు. 1950 అక్టోబరులో, కొరియా యుద్ధంలోకి చైనా రాదని అక్కడి సేనాని జనరల్ మెక్‌ఆర్థర్ అప్పటి అధ్యక్షుడు ట్రూమన్‌కు భరోసా ఇచ్చాడు. కొద్ది వారాల్లోనే చైనా సైన్యం లక్షల్లో వచ్చి పడింది. ఉత్తర వియత్నాం రాజధాని హనోయ్, రేవు పట్టణం హైఫాంగ్ చుట్టూ, చైనా సరిహద్దు వెంట బాంబులు వేయకూడని నిషిద్ధ వలయాలు గీయించింది ఆ భయమే. పైగా 1964లో చైనా అణుపరీక్ష కూడా జరిపింది. అలాంటప్పుడు గీత ఎక్కడ గీయాలో దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్‌లోని అమెరికా జనరల్‌కు వదిలేయాల్సిందంటే నేను ఒప్పుకోను.

నా అభ్యంతరం వేరు. వంతెనల జాబితా మీద పెట్టిన శ్రద్ధలో పదో వంతు కూడా అసలు ప్రశ్న మీద పెట్టలేదు. ఇవన్నీ కూలినా హనోయ్ యుద్ధం ఆపుతుందా? ఉత్తర వియత్నాం వ్యవసాయ దేశం. పెద్ద ఫ్యాక్టరీలు తక్కువ. ఆయుధాలు సోవియట్ యూనియన్, చైనాల నుంచి వచ్చేవి. దక్షిణ వియత్నాంలో హనోయ్ తరఫున పోరాడేవారికి బయటి నుంచి రోజూ అందాల్సింది కొన్ని లారీల సరుకే. వంతెన కూలితే పడవల మీద దాటించేవాళ్లు. 1966 వేసవిలో పెంటగాన్ కోసమే పనిచేసిన 'జేసన్' శాస్త్రవేత్తల బృందం, హనోయ్ యుద్ధ సామర్థ్యంపై ఈ దాడుల ప్రభావం కొలవదగ్గంత లేదని తేల్చింది.

ఫోర్డ్ కంపెనీని నడిపొచ్చిన, అంకెల మనిషి మెక్‌నమారాకు ఇది బాగానే అర్థమైంది. 1967 మేలో అధ్యక్షుడికి రాశాడు, ఆగస్టులో సెనేట్ సబ్‌కమిటీ ముందు చెప్పాడు. అయినా కుర్చీ వదల్లేదు, లక్ష్యాలకు ఆమోదాలూ ఆగలేదు. 1965 చివర్లో 1,84,000 ఉన్న అమెరికా బలగం 1967 చివరికి 4,85,000కు చేరింది. ఆయన 1968 ఫిబ్రవరిలో పదవి దిగి ప్రపంచ బ్యాంకుకు వెళ్లాడు. 'మేం ఘోరంగా తప్పు చేశాం' అని పుస్తకంలో రాసుకోవడానికి 1995 దాకా ఆగాడు. నాకు మింగుడుపడనిది ఆ మౌనమే.

ఇప్పుడు భోజనాల బల్ల బదులు స్క్రీన్లు వచ్చాయి. దూరాన కూర్చున్నా అంతా కళ్లముందే కనిపిస్తుందని నాయకులకు ధీమా. 2021 ఆగస్టు 29న కాబూల్‌లో ఒక తెల్లకారును అమెరికా డ్రోన్లు గంటల తరబడి గమనించాయి. ఐసిస్ మనిషిదనుకుని పేల్చేశారు. చనిపోయింది పదిమంది పౌరులు, వారిలో ఏడుగురు పిల్లలు. పెంటగాన్ మొదట దాడిని సమర్థించుకుంది, మూడు వారాలు గడవకముందే పొరపాటని ఒప్పుకుంది. డిసెంబరులో ఎవరి మీదా క్రమశిక్షణ చర్య ఉండదని తేల్చేసింది.