పల్లెలు సహకరించడం లేదు

తెలంగాణ పల్లెల్లో బాధ్యత నానాటికీ సన్నగిల్లుతోంది. హైదరాబాదులో ఒక మనిషి ఆదివారం తెల్లవారుజామున మూడింటికే లేచి, రెండు లెన్సులు, ట్రైపాడు, మూడు బ్యాటరీలు మోసుకుని ఫొటోలు తీద్దామని ఒక పల్లె పొలిమేరకు చేరితే ఊరు ఏం చేస్తోంది? ఊరికే ఉంటోంది. తన పనేదో తాను చూసుకుంటోంది. దీన్ని ఎవరూ పట్టించుకోకపోవడం ఆశ్చర్యకరం.

ముందు సూర్యుడి సంగతి. మన దగ్గర ఆయన దాదాపు నిటారుగా ఎక్కేస్తాడు. తూర్పున తల ఎత్తాక ఆరు డిగ్రీల ఎత్తుకు రావడానికి అరగంట కూడా పట్టదు. బంగారు వెలుగంటూ దొరికేది ఆ కాసేపే. ఆ కాసేపూ హైవే పక్కన ఇడ్లీతో, రెండో చాయ్‌తో గడిచిపోతుంది. సూర్యుణ్ని ఆపడం పంచాయతీ చేతిలో లేదని పెద్దమనసుతో ఒప్పుకుందాం. కరెంటు తీగల మాటేమిటి? ఒంటరి తాటిచెట్టు, దాని వెనక ఎర్రటి బింబం, సరిగ్గా ఆ రెంటి మధ్య ట్రాన్స్‌ఫార్మరు! ఆకాశం మీది తీగను కంప్యూటర్లో చెరిపేయడం రెండు నిమిషాల పని. అదే తీగ గూనపెంకుల మీదుగా పోతే ఒక్కో పెంకునూ మళ్లీ అతకాలి, సాయంత్రమంతా పోతుంది. రైతులు మోటార్లు నడుపుకోవాలట. నడుపుకోనివ్వండి, తీగలు అడ్డం లేకుండా.

రైతుల మీద ఇంకో ఫిర్యాదు కూడా ఉంది. నాటు వేసిన మడిలో ఆకు కమ్ముకునేదాకా నీళ్లు అద్దంలా నిలుస్తాయి. మబ్బులు, గట్టు మీది చెట్టు, అన్నీ అందులో తలకిందులుగా దొరుకుతాయి. ఇప్పుడేమో కూలీలు దొరకడం లేదని వడ్లు వెదజల్లేస్తున్నారు. వరుసా లేదు, అద్దమూ లేదు. పెట్టుబడి తగ్గించుకోవాలన్న తొందరలో ఫ్రేము గురించి ఒక్కరైనా ఆలోచించారా?

పాలంపేట రామప్ప గుడి 1213 నాటిది. కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు అన్నీ చక్కగా కట్టించాడు గాని, మదనికల్ని, అంటే ఆ నాట్యకత్తెల శిల్పాల్ని, చూరు కింద, అదీ నల్లరాతిలో పెట్టించాడు. పది దాటాక వెనక ఆకాశం తెల్లగా మండిపోతుంది, మదనిక బొగ్గుముక్కలా మిగులుతుంది. రెండేసి స్టాపుల తేడాతో, అంటే ఒక్కోదానికి నాలుగింతల వెలుగు తేడాతో, మూడు ఎక్స్‌పోజర్లు తీసి కలపాలి. చేత్తో తీస్తే మూడూ ఒకదాని మీద ఒకటి కుదరవు, ఆభరణాల అంచులు రెండేసిగా కనిపిస్తాయి. ట్రైపాడు నిలపాలంటే పురావస్తు శాఖ అనుమతి కావాలి, దానికి ముందే దరఖాస్తు రాసుకోవాలి. ముందే రాసుకునే అలవాటుంటే పదింటికి ఎందుకు చేరతాం? చివరికి ఒక్క ఫొటోలోనే నీడల్ని లాగి లాగి పైకి తెస్తే ఎనిమిది వందల ఏళ్ల శిల్పం బూడిదరంగు ప్లాస్టిక్ బొమ్మవుతుంది.

అసలు నేరం మాత్రం పాత ఇళ్లవాళ్లది. గానుగలో రుబ్బిన డంగు సున్నం గోడ తడిని పీల్చుకుని మెల్లగా వదిలేస్తుంది. పగులు వచ్చిందని దానిమీద సిమెంటు మెత్తితే తడికి బయటికి దారి ఉండదు. లోపల సున్నం గుల్లబారి, ఉప్పు పొంగి, కొన్ని వానాకాలాలకు పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతుంది. ఇంటివాళ్లు దాన్ని గోడ పాడైపోవడం అంటారు. ఫొటోగ్రాఫర్లు టెక్స్‌చర్ అంటారు. పక్కనుంచి వాలుగా పడే ఎండ, సెన్సరు సున్నితత్వం ఐఎస్ఓ 100, లెన్సు రంధ్రం ఎఫ్ 8: పెచ్చు పెచ్చుకూ నీడ వస్తుంది. ఆ రంధ్రాన్ని ఎఫ్ 16 దాకా కుదిస్తే వివరం మెత్తబడుతుంది, సెన్సరు మీది దుమ్మంతా చుక్కలై తేలుతుంది. ఇంత శాస్త్రం ఉందిక్కడ! అది తెలియని ఇల్లాలు పండక్కి గోడంతా గీకించి చిలకాకుపచ్చ రంగు వేయిస్తుంది. పెంకులూ అంతే. కోతులు తొక్కి పగలగొడతాయి, ఏటా వానలకు ముందు సర్దించాలి, సర్దేవాళ్లు దొరకరు. అంతమాత్రానికే రేకులు వేసుకోవాలా? కురిస్తే గిన్నెలు పెట్టుకోవచ్చు గదా.

పాత దొరల గడీ ముఖద్వారం ఫొటో తీసేటప్పుడు కెమెరా పైకెత్తితే బురుజులు వెనక్కి పడిపోతున్నట్టు వస్తాయి. కెమెరాను సమంగా పట్టుకుని వెనక్కి జరగాలి, కింద మిగిలిన నేలను తర్వాత కత్తిరించుకోవాలి. వెనక్కి జరిగితే పెంటకుప్ప ఉంటుంది. దాన్ని అక్కడ వేసినవాడికి ఫొటో కూర్పు గురించి ఏమీ తెలియదనుకోవాలి.

ఇక అరుగు మీది అవ్వ. ఆమె లేనిదే పల్లె ఫొటో పూర్తి కాదు. ఎనభై అయిదు మిల్లీమీటర్ల లెన్సు, ఎఫ్ 1.8, మీటరు దూరం పెట్టుకుంటే స్పష్టంగా ఉండే లోతు ఒకటిన్నర సెంటీమీటరే. కంటికి ఫోకస్ చేస్తే చెవి కరిగిపోతుంది. అవ్వ ఏమాత్రం ముందుకు వంగినా కన్నూ పోతుంది. కాబట్టి కదలకూడదు, నవ్వకూడదు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోకూడదు. మనవడు దుబాయ్ నుంచి పంపిన ఫోను ఒళ్లో ఉండకూడదు. ఆమె ఇవేవీ పాటించదు సరికదా, “గీ ఫొటో తీస్కపోతే పింఛన్ పెరుగుతదా బిడ్డా?” అని నోరు తెరిచి అడుగుతుంది, సరిగ్గా షట్టరు పడే క్షణంలో.

అయినా సరే, అవ్వను తీస్తాం. ఆమె వెనకున్న తెల్లటి ఆకాశం తీసేసి నారింజరంగు సాయంత్రం అతికిస్తాం. నీడ పడమటికే పడుతుంది, సూర్యుడూ పడమటే దిగుతుంటాడు, అడిగేవాళ్లుండరు. ‘కాలం ఆగిన చోటు’ అని కింద రాస్తాం. వచ్చే ఆదివారం ఆరింటికల్లా ఆమె అరుగు మీద ఉండాలని, ట్రాక్టరు ఇంటి వెనక పెట్టాలని సర్పంచ్‌గారు చాటింపు వేయిస్తే చాలు. పోయినేడు తీసిన ఫొటో ప్రింటు ఏదని మాత్రం అవ్వ అడగకూడదు. అది ఇంకా ఎడిటింగులో ఉంది.