మొలకనూ పిందెనూ ఒకే గాటన కడుతున్న ఇంగ్లిష్ గైడ్లు

నేసెంట్, ఇన్సిపియెంట్, ఇన్‌కోయేట్, ఎంబ్రియానిక్, బడ్డింగ్, ఫ్లెడ్జ్‌లింగ్. పోటీ పరీక్షల గైడ్లు చాలావాటిల ఈ ఆరు మాటలు ఒకే వరుసల ఉంటయి. ఎదురుంగ ఒకటే అర్థం: "ప్రారంభ దశలో ఉన్న". హన్మకొండల రూములు కిరాయికి తీసుకొని చదివే పిల్లలు దీన్నే బట్టీ కొడుతున్నరు. నర్సంపేట, పరకాల, ములుగు దిక్కు నుంచి వచ్చిన రైతుల పిల్లలు చాలామంది వీళ్లల్ల ఉన్నరు. పంటల దశలైన మొలక, నారు, పిలక, పొట్ట, గూడ (పత్తి మొగ్గ), పిందె అన్నిటికీ "ప్రారంభ దశ" అని రాసి చూపిస్తే వాళ్ల నాయిన ఒప్పుకుంటడా? మరి ఇంగ్లిష్ దగ్గరికొచ్చేసరికి ఆ తేడా ఎందుకు అక్కరకు రాకుండ పోతున్నది? ఈ మాటల్ల చాలావరకు పుట్టింది కూడా పొలంల, గూట్ల, కడుపులనే.

ఒక పల్లిగింజ తీసుకొని రెండు బద్దలు చేయండి. ఒక కొసకు చిన్న ముక్కు అంటుకొని ఉంటది. పిండంల వేరు, కాండం అయ్యే భాగం అదే. ఇంటర్ బాటనీల ప్రథమ మూలం, ప్రథమ కాండం అని చదివేది దాన్నే. వేరు, కాండం రెండూ తయారుగ ఉన్నయి గాని పొట్టు దాటి ఏదీ బయటికి రాలే. ఎంబ్రియానిక్ అంటే ఆ స్థితి. గ్రీకు మూలంల కూడా లోపల ఉబ్బుతున్నది అనే అర్థమే. "ఎంబ్రియానిక్ ప్లాన్" అన్నరంటే బయటోళ్లకు కనబడేదేమీ ఇంకా లేదన్నట్టు.

నేసెంట్ దానికి తర్వాతి మెట్టు. లాటిన్‌ల పుట్టుట అనే క్రియ నుంచి వచ్చింది. నేటివ్, నేషన్, నేచర్ దాని తోబుట్టువులే. వడ్లు ఒక రోజు నానబోసి, నీళ్లు వంచి, తడి గోనెసంచిల మండె కడితే రోజు, రోజున్నరకు గింజ మూతి పగిలి తెల్లటి ముల్లు కనబడతది. ఆ తెల్ల ముల్లు నేసెంట్. మండె విప్పుడు ఆలస్యమైతే మొలకలు పొడుగై ఒకదాన్నొకటి పెనవేసుకుంటయి, మడిల చల్లేటప్పుడు విరుగుతయి. అప్పుడది నేసెంట్ దశ దాటినట్టే. కెమిస్ట్రీల నవజాత హైడ్రోజన్ అని చదువుకున్నరు గద, చర్యల అప్పుడే పుట్టిన హైడ్రోజన్ అని. అక్కడ తెలుగు పుస్తకం ఎంత చక్కగ చెప్పింది! అదే మాట ఇంగ్లిష్ గైడుల "ప్రారంభ దశ" ఎందుకైంది?

అన్నిటికన్న ఎక్కువ నష్టపోతున్నది ఇన్సిపియెంట్. ఇది ఎక్కువగ చెడు మొదలైనప్పుడు వాడే మాట. ఇన్సిపియెంట్ క్యాటరాక్ట్ అంటే కంట్ల శుక్లం పొర మొదలైంది గాని చూపు ఇంకా పెద్దగ తగ్గలేదు. మొక్కల శాస్త్రంల ఇన్సిపియెంట్ విల్టింగ్ అంటే ఆకుల నీటి బిగువు తగ్గింది గాని చూస్తే వాడినట్టు కొట్టదు. మధ్యాహ్నం ఆకు వాలి రాత్రికి తేరుకుంటే అది దాని తర్వాతి దశ. అంటే లోపల మొదలైంది, పైకి తేలలేదు. దీని లాటిన్ మూలంల ఉన్నది పట్టుట అనే క్రియ. మనమూ అట్లనే అంటం: తుప్పు పట్టింది, పురుగు పట్టింది, తెగులు పట్టింది. ఈ ఒక్క మాట చెప్తే చాలు, ఏ పిల్లగాడూ "ఇన్సిపియెంట్ సింగర్" అని రాయడు. పాట పాడే పిల్లకు బడ్డింగ్ ఉన్నది.

ఇన్‌కోయేట్‌ను చానామంది ఇన్‌చోయేట్ అని చదువుతరు. అక్కడ క కారమే పలకాలె. చూపుకు కేయాటిక్ లెక్క ఉంటది కాబట్టి గందరగోళం అనే అర్థం కూడా అంటగడుతరు. నిఘంటువులు చెప్పే మూలం ఏందంటే నాగలిని కాడికి కట్టే పట్టె. ఎడ్లను కట్టిండ్రు, సాలు ఇంకా పడలే. పని మొదలైంది గాని దానికి ఒక రూపం రాలే. న్యాయశాస్త్రంల ప్రేరేపణ, కుట్ర, నేర ప్రయత్నాలను ఇన్‌కోయేట్ నేరాలు అంటరు. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితల ఈ మూడూ ఒకే అధ్యాయంల ఉన్నయి, నాలుగో అధ్యాయంల. అనుకున్న నేరం పూర్తి కాకపోయినా ఇవి శిక్షార్హమే.

ఈ ఆరింటితోని బర్జనింగ్‌ను కూడా కలిపితే అది ఇంకో తప్పు. పాత ఫ్రెంచిల అది మొగ్గే. ఇప్పుడు మాత్రం శరవేగంగ పెరుగుతున్నదనే అర్థంల వాడుతరు.

ఫ్లెడ్జ్‌లింగ్ సంగతి కూడా చూడండి. ఈకలు పూర్తిగ రాక, ఇంకా గూట్లనే ఉన్న పిట్టపిల్ల నెస్ట్‌లింగ్. ఈకలొచ్చి, గూడు అంచు దాటి, కొమ్మ మీద తడబడేది ఫ్లెడ్జ్‌లింగ్. కాబట్టి దుకాణం తెరిచి గిరాకీ కోసం చూస్తున్న కంపెనీని ఫ్లెడ్జ్‌లింగ్ అనొచ్చు, కాయితం మీది ఆలోచనను అనొద్దు.

పేపర్లు కూడా తక్కువేం తినలే. నాట్లు పడే కాలంల ఇంగ్లిష్ పేపర్లు "ప్యాడీ శాప్లింగ్స్" అని రాస్తయి. శాప్లింగ్ అంటే లేత చెట్టు. 2015ల మొదలైన హరితహారంల నాటిన వేప, కానుగ మొక్కలను అనొచ్చు. వరికి మాను ఎక్కడిది? నారు ఎప్పుడైనా సీడ్లింగే, ఆరు వారాల మిర్చి నారైనా అంతే.

పత్తికైతే ఇంకో ముచ్చట. మొగ్గ అంటే బడ్ అని అందరికీ తెలుసు, కానీ పత్తి మొగ్గను ఇంగ్లిష్‌ల స్క్వేర్ అంటరు. మూడు పచ్చని రెక్కల మధ్య దాగిన ఆ మొగ్గను మనోళ్లు గూడ అంటరు. ఎడతెగని వానకు నీళ్లు నిలిచి గూడ రాలితే రైతు గుండె జారుతది. అగ్రికల్చర్ పరీక్ష రాసే పిల్లలకు రెండు మాటలూ రావాలె.

సార్లకూ, మేడమ్‌లకూ ఒక విన్నపం. ఆ వరుసను చింపేయండి. ఒక్కో మాట పక్కన "ప్రారంభ" అనే కాకుండ అది దేనితోని జత కూడుతదో రాయించండి: క్యాటరాక్ట్‌కు ఇన్సిపియెంట్, కంపెనీకి ఫ్లెడ్జ్‌లింగ్, నేరానికి ఇన్‌కోయేట్. ఆ తర్వాత తిరగేసి అడగండి. పువ్వు రెక్కలు రాలినంక, తొడిమ కొసకు శనగగింజంత పచ్చగ నిలబడేదాన్ని పిందె అంటం. బజార్ల అందరి నోట్ల ఆడే అసొంటి ఒక్క మాట ఇంగ్లిష్‌ల లేదు. ఫ్రూట్‌లెట్ అని తోటల శాస్త్రం అంటది, అంతే. మామిడి పిందెను, బీర పిందెను ఇంగ్లిష్‌ల మూడు వాక్యాలతోని చూపించమని ఆ నర్సంపేట పిల్లగాడిని అడగండి.