నిజంతో నిమిత్తం లేని మాట

అబద్ధమాడినా అతికినట్టుండాలని పెద్దలంటారు. అతికించాలంటే ఆ మనిషికి నిజమేదో తెలిసి ఉండాలి, అది ఎక్కడ బయటపడుతుందోనన్న భయమూ ఉండాలి. అందుకే అబద్ధాలకోరును సాక్ష్యంతో పట్టుకోవచ్చు. నిజమేదైతే నాకేమిటనుకునేవాడికి ఆ భయం లేదు. ఆ పూటకు పనికొచ్చే మాట అనేసి వెళ్లిపోతాడు. అమెరికా తత్వవేత్త హ్యారీ ఫ్రాంక్‌ఫర్ట్ 1986లో ఈ తేడాను విడమరచి, సత్యానికి రెండోవాడే పెద్ద శత్రువన్నారు. ఉత్తరాంధ్రలో జరిగినవి చూస్తే అది అతిశయోక్తి అనిపించదు.

విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర 2023 అక్టోబర్ 29 రాత్రి విశాఖ–పలాస ప్యాసింజర్‌ను విశాఖ–రాయగడ ప్యాసింజర్ వెనుక నుంచి ఢీకొంది. రాయగడ రైలు లోకో పైలట్, సహాయకుడు ఇద్దరూ చనిపోయారు. పాడైన ఆటోమేటిక్ సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు ఆగి, ఆపై గంటకు 10 కిలోమీటర్లకు మించని వేగంతో కదలాలన్న నిబంధన పాటించలేదని తొలి విచారణ తేల్చింది. 2024 మార్చిలో రైల్వే మంత్రి మాత్రం ఆ ఇద్దరి ధ్యాస క్రికెట్ మ్యాచ్ మీద ఉండడమే కారణమన్నారు. కొన్ని నెలలకు, ఫోన్ల డేటా పరిశీలించిన దర్యాప్తులో అందుకు ఆధారం దొరకలేదని వార్తలొచ్చాయి.

మంత్రి అబద్ధమాడారని నేను అనడం లేదు. ఎవరో చెప్పినదాన్ని నమ్మి ఉండవచ్చు. కానీ బదులు చెప్పుకోలేని మృతుల మీద వేసే నిందను ఆధారాలు జనం ముందుంచాకే వేయాలి కదా. ఆ మాట టీవీల్లో, వాట్సాప్‌లో ఊరూరా తిరిగింది. సిగ్నళ్లు ఎందుకు పాడయ్యాయి, అలాంటప్పుడు ఏం చేయాలో సిబ్బందికి ఎంత స్పష్టంగా నేర్పారు అన్న అసలు ప్రశ్నలు దాని చాటున పడిపోయాయి. దాన్ని నలుగురికీ పంపినవారిలో ఎంతమంది తర్వాతి వార్తనూ అంతే శ్రద్ధగా పంపారు?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతాన్ని పీడిస్తున్న కిడ్నీ జబ్బు విషయంలోనూ ఇదే ధోరణి. కారణం నీళ్లేనని ఒక వేదిక, నొప్పి మాత్రలేనని మరో వేదిక, పురుగుమందులేనని ఇంకొకటి. ఏళ్ల తరబడి అధ్యయనాలు జరిగినా కచ్చితమైన కారణం తేలలేదని చెప్పే వైద్యుడికి చప్పట్లు పడవు. వేదిక మీది మాటను నమ్మి బోరు నీళ్లు మానేసి, కూలి డబ్బులు క్యాన్ నీళ్లకు పోసే కుటుంబానికి ఆ వక్త ఏ జవాబూ చెప్పడు. పైగా కారణం తేలిపోయిందని సభలో ప్రకటించాక, కవిటి, సోంపేట పల్లెల్లో మళ్లీ రక్త పరీక్షలు చేయమని, ఎండలో పనిచేసే కూలీల ఆరోగ్యాన్ని ఏళ్లపాటు గమనించమని ఏ అధికారిని అడగగలం?