రెండో టవల్‌కి కూడా ఓనర్‌కి ఫోన్ చేయాలా?

పోయిన ఆదివారం మా కడపలోనే ఒక ఫంక్షన్ హాల్లో మీటింగ్ ఉంటే వెళ్లాను. హోటళ్లు, లాడ్జీలు, ట్రావెల్స్ నడిపేవాళ్లందరినీ పిలిచారు. పర్యాటకం, ఆతిథ్యం, వాటి భవిష్యత్తు, అందులో నాయకత్వం... ఇదీ విషయం. స్టేజీ మీద పెద్ద తెర, తెర మీద ట్రే పట్టుకుని నవ్వుతున్న రోబో బొమ్మ. రెండున్నర గంటలు ఏఐ గురించి, ఎక్స్‌పీరియన్స్ గురించి, విజన్ గురించి చెప్పారు. మధ్యలో లేచి బాత్రూముకి వెళ్తే కుళాయిలో చుక్క నీళ్లు లేవు. బయట నిలబడి ఉన్న పిల్లోడిని అడిగితే, "మోటర్ రూము తాళం మేనేజర్ దగ్గరుంది మేడం, ఆయప్ప భోజనానికి పోయినాడు" అన్నాడు.

ఆ తాళం గురించే ఈ పోస్ట్. పొడుగ్గా ఉంటుంది, తీరిక ఉన్నప్పుడు చదవండి.

నేను బెంగళూరులో తొమ్మిదేళ్లు హోటల్ ఫ్రంట్ ఆఫీసులో పనిచేశాను. నాన్నకు మోకాలి ఆపరేషన్ అయ్యాక వచ్చేసి, పాత బస్టాండ్ దగ్గర మా లాడ్జి చూసుకుంటున్నాను. ఇరవై రెండు గదులు, అందులో ఏసీవి ఆరు. వేడినీళ్లు పొద్దున 5 నుంచి 8 వరకే అని గోడ మీద బోర్డు. అది నాన్న దగ్గరుండి రాయించిన బోర్డు. దాని జోలికి పోవడానికి నాకింకా ధైర్యం రాలేదు. కాబట్టి కింద ఎవరిని తిట్టినా ముందు మా ఇంటినే తిడుతున్నానని అనుకోండి.

రెండు నెలల కింద నేను ప్రొద్దుటూరులో పెళ్లికి వెళ్లాను. నాన్న బీపీ మాత్ర వేసుకుని తొమ్మిదికల్లా పడుకుంటారు. రాత్రి పదకొండు దాటాక మా లాడ్జికి బెంగళూరు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. పాతికేళ్లుంటాయేమో, ఒక్కతే. భుజాన బ్యాగు, చేతిలో ఆధార్ కార్డు. మర్నాడు గండికోట చూడాలట. తొమ్మిది గదులు ఖాళీగా ఉన్నాయి. కౌంటర్లో ఉన్న మా పిల్లోడు ఆమెను కూర్చోమని చెప్పి నాన్నకు ఆరుసార్లు, నాకు నాలుగుసార్లు ఫోన్ చేశాడు. డీజే మోతలో నాకేం వినపడుతుంది? నలభై నిమిషాలు చూసి ఆ అమ్మాయి లేచి వెళ్లిపోయింది. ఆ రాత్రి ఎక్కడ పడుకుందో నాకు తెలీదు.

ఒంటరిగా వచ్చిన ఆడవాళ్లకు గది ఇవ్వాలంటే ఓనర్‌ను అడగాలి. మా దగ్గర రూల్ అది. మా దగ్గరే కాదు, మన జిల్లాల్లో చాలా లాడ్జీల్లో అదే. ఎందుకు పెట్టారంటే "ఎందుకొచ్చిన గొడవ" అంటారు. గుర్తింపు కార్డు చూడాలి, రిజిస్టర్ రాయాలి, అది పోలీసులు అడుగుతారు, సరే. కానీ మేజరైన ఆడమనిషి ఒక్కతే వస్తే గది ఇవ్వొద్దని ఏ చట్టంలోనూ లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకూ ఇదే అయింది. వేరే ఊళ్లో మూడు లాడ్జీలు తిరిగి, చివరికి రైల్వే వెయిటింగ్ రూములో బ్యాగు తల కింద పెట్టుకుని తెల్లార్చాను. ఆ రోజు ఎంత ఏడ్చానో నాకు గుర్తుంది. అయినా మా కౌంటర్లో ఆ రూల్ అలాగే ఉంది. వచ్చిన మొదటిరోజే తీసేయాల్సింది. తీయలేదు.

పొద్దున్నే వచ్చి పిల్లోడి మీద అరిచాను. వాడు తలవంచుకునే అన్నాడు: "ఇచ్చింటే పెద్దసారు తిట్టింటాడు. ఇయ్యలేదని నువ్వు తిడ్తాండావు. నేనేం జేయాల అక్కా?"

నోరు మూసుకున్నాను.

వాడి పని ఏమిటో చెప్తాను. ఇరవై నాలుగు గంటలు డ్యూటీ, ఇరవై నాలుగు గంటలు సెలవు. జీతం పదకొండు వేలు. రాత్రి కౌంటర్ వెనక చాప వేసుకుని ఒక కన్ను మూసి పడుకుంటాడు. గల్లాపెట్టె వాడి దగ్గరే, తాళాలు వాడి దగ్గరే, లోపల పడుకున్న ముప్ఫై నలభై మంది బాధ్యతా వాడిదే. కానీ గదిలో బల్బు పోతే కొత్త బల్బు కొనడానికి వాడికి అధికారం లేదు. గీజర్ పనిచేయక చన్నీళ్లు పోసుకున్నవాళ్లకు వంద రూపాయలు తగ్గించలేడు. రెండో టవల్ అడిగితే కూడా "సారును అడిగి చెప్తా" అంటాడు. ఇంత నమ్మకం వాడి మీద ఉంచి, టవల్ దగ్గర మాత్రం నమ్మం.

బెంగళూరులో మాకు ట్రైనింగ్ ఇచ్చినప్పుడు ఒక సంగతి చెప్పారు. రిట్జ్-కార్ల్టన్ హోటళ్లలో గది శుభ్రం చేసే మనిషితో సహా ఎవరైనా సరే, అతిథి ఇబ్బంది తీర్చడానికి పైవాళ్లను అడక్కుండా 2,000 డాలర్ల దాకా ఖర్చు పెట్టొచ్చట. మేం నవ్వుకున్నాం. మా దగ్గర ఉత్త కాఫీ ఫ్రీగా ఇవ్వాలంటే మూడు సంతకాలు కావాలి. తర్వాత ఆలోచిస్తే ఆ డబ్బు ఎంతన్నది కాదు నాకు పట్టింది. తప్పు జరిగిన చోటే దాన్ని సరిచేయడానికి ఒక మనిషి ఉన్నాడు, అడగాల్సిన పని లేదు. అది. మా పిల్లోడికి 2,000 డాలర్లు ఇమ్మని నేనడగట్లేదు. రెండు వందల రూపాయలు ఇద్దాం.

2008 నవంబర్ 26న ముంబై తాజ్ హోటల్‌లో కాల్పులు మొదలైనప్పుడు ఒక హాల్లో పెద్ద కంపెనీ వాళ్ల విందు జరుగుతోంది. ఆ విందు చూసుకుంటున్న బాంక్వెట్ మేనేజర్‌కు 24 ఏళ్లు. ఆమె తలుపులు మూయించి, లైట్లు ఆర్పించి, అందరినీ చప్పుడు చేయకుండా బల్లల కింద పడుకోమంది. ఎవరి పర్మిషన్ కోసం ఎదురుచూసే టైము అది కాదు. అలాంటి రాత్రి మన లాడ్జీలకు రాకూడదనే కోరుకుంటాను. కానీ అర్ధరాత్రి ఎవరికైనా గుండెనొప్పి వస్తే 108కి ఫోన్ చేసే ముందు మా పిల్లోడు నాన్నకు ఫోన్ చేస్తాడు. నాకు తెలుసు, ఎందుకంటే ఒకసారి చేశాడు. దేవుడి దయ, అది గ్యాస్ నొప్పి.

ఆ మీటింగ్‌లో లీడర్ అంటే విజన్ ఉన్నవాడు అని ఒకాయన నాలుగుసార్లు అన్నాడు. గండికోటలో రాబోయే స్టార్ రిసార్ట్ గురించి గొప్పగా చెప్పాడు. ఒబెరాయ్ వాళ్లు కడుతున్నది, 2023 జూలైలో శంకుస్థాపన అయింది. మంచిదే, రానివ్వండి. కానీ ఆ గ్రూపు పెట్టిన మోహన్ సింగ్ ఒబెరాయ్ 1922లో సిమ్లాలోని సెసిల్ హోటల్‌లో నెలకు 50 రూపాయల జీతానికి గుమాస్తాగా చేరినవాడు. పన్నెండేళ్లకు భార్య నగలు కూడా తాకట్టు పెట్టి సొంత హోటల్ కొన్నాడు. ఆయనా మొదట కౌంటర్ వెనక నిలబడ్డ పిల్లోడే. ఈ సంగతి స్టేజీ మీద ఎవరికీ గుర్తురాలేదు.

ఇక మారుతున్నదేమిటో మా రిజిస్టర్ చూస్తేనే తెలుస్తుంది. ఒకప్పుడు మాకు వచ్చేవాళ్లంతా పెళ్లివాళ్లు, కోర్టు వాయిదాలకు వచ్చేవాళ్లు, మందుల కంపెనీ రెప్‌లు, పరీక్షలు రాసే పిల్లలు, అమీన్ పీర్ దర్గా ఉరుసుకు వచ్చేవాళ్లు. ఇప్పుడు శుక్రవారం రాత్రి అయితే చాలు, బెంగళూరు నంబర్ ప్లేట్లు. బైకుల మీద గుంపులు, ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు కలిసి, లేకపోతే ఒక్కతే, రిటైరైన దంపతులు. పెన్నా నది ఎర్రమల కొండలను కోసుకుంటూ పోయిన గండికోట లోయ ఫొటో ఫోన్లో చూసి వస్తారు. బెలూం గుహలు 3,229 మీటర్ల పొడవు, అందులో ఒకటిన్నర కిలోమీటర్ల వరకే చూడనిస్తారు. అది చూడ్డానికి వస్తారు. అనంతపురం వైపు లేపాక్షిలో వేలాడే స్తంభం కింద నుంచి గుడ్డ లాగి వీడియో తీసుకుంటారు. తీసుకుని, సాయంత్రానికి బెంగళూరు వెళ్లిపోతారు.

అక్కడే మనం నష్టపోతున్నాం. పగలు తిరిగి వెళ్లిపోయేవాడు మనకిచ్చేది పార్కింగ్ టికెట్టు, ఒక కొబ్బరిబోండం డబ్బు. రాత్రి ఉండిపోతే రాత్రి భోజనం, పొద్దున కారం దోసె, ఆటో, దుప్పట్లు ఉతికేవాళ్ల కూలి, ఇంటికి తీసుకుపోయే చెనిక్కాయలు, ఇన్ని ఉంటాయి. ఒంటిమిట్టలో కోదండరాముడి కల్యాణం రాత్రిపూట, వెన్నెల్లో జరుగుతుంది. ఆ ఒక్క రాత్రి మా గదులన్నీ నిండిపోతాయి. మిగతా రోజుల్లో నిండాలంటే జనం ఇక్కడ పడుకోవాలి, పడుకోవాలంటే కౌంటర్లో ఉన్నవాడు గది ఇవ్వాలి కదా!

గండికోట అభివృద్ధికి 2024 చివర్లో కేంద్రం 77 కోట్లకు పైగా మంజూరు చేసింది. పర్యాటకానికి రాష్ట్రం పరిశ్రమ హోదా ఇచ్చింది. జీఎస్టీ కూడా, 2022లో వెయ్యి లోపు గదుల మీద వేసిన 12 శాతం 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతానికి దిగింది. వీటిని కాదనను. కానీ కౌంటర్ దగ్గర సంగతి మాత్రం మారలేదు.

విదేశీయులు వస్తే మాలాంటి లాడ్జీలు ఎందుకు "ఫుల్" అంటాయో తెలుసా? వాళ్లు దిగిన 24 గంటల్లోపు వాళ్ల వివరాలు ఆన్‌లైన్‌లో పంపాలి. అందరం ఫారం-సి అంటుంటాం. చేయడం తెలిస్తే కాసేపట్లో అయిపోయే పని. పిల్లోడికి ఎవరూ నేర్పలేదు, పాస్‌వర్డ్ ఓనర్ దగ్గరుంది. కాబట్టి రూమ్స్ ఫుల్.

గదులు బుక్ చేసే యాప్‌ల బాధ వేరే. వెయ్యి రూపాయల గదికి మాకు ఎనిమిది వందల కంటే తక్కువే చేతికొస్తుంది. 2022 అక్టోబర్‌లో, వ్యాపారంలో పోటీ సక్రమంగా ఉందా అని చూసే కాంపిటీషన్ కమిషన్ పెద్ద బుకింగ్ కంపెనీల మీద 392 కోట్ల జరిమానా వేసిందంటే ఊరికే వేయలేదు. అయినా యాప్‌ను తిట్టుకుంటూ కూర్చుని లాభం లేదు. యాప్‌లో వచ్చినవాడు రెండోసారి మాకే నేరుగా ఫోన్ చేసి రావాలంటే మొదటిసారి వాడిని బాగా చూసుకోవాలి. చూసుకోవాల్సింది ఎవరు? మళ్లీ ఆ పిల్లోడే.

ఏఐ గురించి కూడా ఒక మాట, లేకపోతే ఆ మీటింగ్‌వాళ్లు బాధపడతారు. మొన్న ఒకాయన ఫోన్లో ఏఐ వేసిచ్చిన ప్లాన్ పట్టుకుని వచ్చాడు. పొద్దున గండికోట, మధ్యాహ్నం బెలూం, సాయంత్రం లేపాక్షి, రాత్రికి శ్రీశైలం. ఒకే రోజు! హెలికాప్టర్ ఉందా సార్ అని అడగబోయి ఊరుకున్నాను. మా పిల్లోడు మాత్రం రిజిస్టర్ వెనక పేజీ మీద గీతలు గీసి, "సార్, మొదట బెలూం పోండి, గుహల్లో మధ్యాహ్నమైతే ఉక్క తట్టుకోలేరు. ఎండ తగ్గినాక గండికోటకు రాండి. లేపాక్షి మీరు ఇంటికి పోయేటప్పుడు చూసుకోండి" అని చెప్పాడు. ఆయన సంతోషపడి ఇంకో రాత్రి ఉన్నాడు. ఇది వాడికి ఎవరూ నేర్పలేదు. దీనికి నాన్నను అడగాలని కూడా వాడికి తోచలేదు, బతికిపోయాం.

మనకు మనుషులు లేరా అంటే, రాయచోటి, రాజంపేట వైపు ఏ ఊరికి పోయినా కువైట్‌లో వంట చేసినవాళ్లు, ఇళ్లు చూసుకున్నవాళ్లు కనపడతారు. మా వీధిలోనే ఒకన్న పద్దెనిమిదేళ్లు అక్కడ హోటల్లో చేసి వచ్చి ఇక్కడ ఆటో తోలుతున్నాడు. ఎందుకన్నా అంటే, "ఆడ సూపర్‌వైజర్ అని పిలిచేటోళ్లు మ్మా. ఈడ రేయ్ అంటాండారు" అన్నాడు.

మర్యాద మనకు కొత్తా? ఉగాదికి దేవుని కడప గుడికి ముస్లింలు వచ్చి దర్శనం చేసుకుంటారు. వేంకటేశ్వరస్వామిని పెళ్లాడిన బీబీ నాంచారమ్మ వాళ్లింటి ఆడపడుచని నమ్మకం. ఇంటికి ఎవరొచ్చినా ముందు చెంబుతో నీళ్లు ఇచ్చే ఊరు ఇది. డబ్బు తీసుకుని గది ఇచ్చేటప్పటికి అదే మనం ఎదుటివాణ్ణి దొంగను చూసినట్టు ఎందుకు చూస్తాం?

ఆ అమ్మాయి మర్నాడే ఒక స్టార్ ఇచ్చి రివ్యూ రాసింది: గదులున్నాయి, ఇచ్చే మనిషి లేడు అని. నాన్న చూసి, "ఒక్క పిల్ల రాస్తే ఏమైతాదిలే" అన్నారు. నాన్నా, 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి పోతూ ఏనుగుల వీరాస్వామయ్య మన కడప మీదుగానే వెళ్లారు. ఏ ఊళ్లో అంగళ్లున్నాయి, ఎక్కడ నీళ్లు దొరుకుతాయి, అన్నీ రాసిపెట్టారు. దాదాపు రెండు వందల ఏళ్లయింది, జనం ఇంకా చదువుతూనే ఉన్నారు, అన్నాను. నాన్న పేపర్ అడ్డం పెట్టుకున్నారు.

మొన్న సోమవారం ఒక కాగితం రాసి కౌంటర్ అద్దం కింద పెట్టాను. ఓనర్‌ను అడక్కుండా చేయగలిగినవి. అడిగితే రెండో టవల్. రెండు వందల లోపు బల్బు, సబ్బు, దోమల కాయిల్, ఏదైనా. తప్పు మనదైతే వంద రూపాయల తగ్గింపు. ఐడీ కార్డు ఉంటే, గది ఖాళీగా ఉంటే, వచ్చింది ఎవరైనా సరే గది. ఒంట్లో బాగాలేకపోతే ముందు 108, తర్వాతే మేము. నాన్న కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, వంద రూపాయల తగ్గింపు దగ్గర పెన్నుతో కొట్టేసి యాభై అని రాశారు. గది సంగతి దగ్గర కాసేపు ఆగారు, దాన్ని మాత్రం కొట్టేయలేదు.

పిల్లోడు కూడా చదివాడు. తల గోక్కుని అడిగాడు: "రెండో టవల్ ఇస్తే లాండ్రీ పుస్తకంలో ఎవరి లెక్కలో రాయాల అక్కా?"