బ్లాకులు లెక్కపెట్టాం, బలం కొలిచామా?

గుండె జబ్బు బయటపడ్డ మనిషిని పలకరించడానికి వెళితే ముందుగా వినిపించే మాట ‘మూడు బ్లాకులంట’. ఒకటి తొంభై శాతం, ఇంకొకటి డెబ్బై శాతం అని ఇంట్లో అందరికీ కంఠస్థం. యాంజియోగ్రామ్ సీడీ, రిపోర్టు ప్లాస్టిక్ కవరులో పెట్టి బీరువాలో దాచి ఉంటాయి. ‘ఆగకుండా ఎంతదూరం నడవగలుగుతున్నారు? ఎన్ని మెట్లెక్కితే ఆయాసం వస్తోంది?’ అని అడిగితే మాత్రం ఇంట్లోవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. చాలాసార్లు ఫైల్లోనూ ఆ సంగతి ఉండదు. రక్తనాళం ఎంత మూసుకుపోయిందో చూస్తున్నాం, పని మీద పడితే ఆ గుండె ఎంతవరకు తట్టుకోగలదో చూడకుండానే మనిషిని ఇంటికి పంపేస్తున్నాం. ఈ పద్ధతి మారాలి.

గుండెను స్కాన్ చేసే టూడీ ఎకో రిపోర్టులో ‘ఈఎఫ్ 55 శాతం’ (ఒక్కో దెబ్బకు గుండె బయటికి తోసే రక్తం వాటా) అని చూసి, గుండె సగమే పనిచేస్తోందని బెంగ పెట్టుకునేవాళ్లు మనలో ఎందరో. ఆ అంకె నూటికి వచ్చిన మార్కు కాదు. గుండె ఎడమ గది నిండినప్పుడు సుమారు 125 మిల్లీలీటర్ల రక్తం ఉంటే, ఒక్కో దెబ్బకు 70 మిల్లీలీటర్లు బయటికి వెళ్తుంది, మిగతాది లోపలే ఉంటుంది. ఆరోగ్యవంతులకూ అంతే. కాబట్టి 55 మంచి అంకే. చిక్కల్లా అది మంచం మీద ఎడమవైపు ఒత్తిగిలి పడుకున్నప్పటి అంకె కావడం. విశ్రాంతిలో ఉన్న మనిషికి గుండె నిమిషానికి 5 లీటర్ల రక్తం తోస్తే సరిపోతుంది. అదే మనిషి పరుగెత్తితే? ఆరోగ్యంగా ఉన్న పడుచువాళ్ల గుండె 20 లీటర్ల దాకా తోస్తుంది. ఈ రెండింటి మధ్య ఉన్న తేడాయే గుండె దాచుకున్న బలం. పొలం గట్టు మీద నడవడానికైనా, నీళ్ల బిందె ఎత్తడానికైనా, జ్వరం వచ్చినప్పుడు నిలదొక్కుకోవడానికైనా ఆ నిల్వలోంచే తీయాలి.

కొరొనరీ జబ్బు, అంటే గుండె కండరానికి రక్తం అందించే నాళాలు సన్నబడే జబ్బు, ముందుగా మింగేది ఈ నిల్వనే. ఒంట్లోని మిగతా కండరాలు మామూలు వేళల్లో రక్తంలోని ఆక్సిజన్‌ను కొంతే తీసుకుంటాయి, పని పెరిగితే ఇంకాస్త పిండుకుంటాయి. గుండె కండరానికి ఆ వెసులుబాటు లేదు. ఊరకే కూర్చున్నప్పుడే వచ్చిన ఆక్సిజన్‌లో ముప్పాతిక వంతు దాకా పిండేసుకుంటుంది. ఇంకా కావాలంటే రక్తమే ఎక్కువ రావాలి, నాళం సన్నబడితే అది రాదు. అమెరికా గుండె వైద్యుడు లాన్స్ గౌల్డ్ బృందం 1974లో కుక్కల మీద చేసిన ప్రయోగాలు దీన్ని స్పష్టంగా చూపించాయి. నాళం 85 శాతం బిగిసేదాకా విశ్రాంతిలో రక్తప్రవాహం తగ్గలేదు. గరిష్ఠ ప్రవాహం మాత్రం సగం కూడా మూసుకోకముందే తగ్గడం మొదలైంది. ఈసీజీ బాగుంది, ఎకో బాగుంది, కానీ రెండో అంతస్తు ఎక్కేసరికి ఛాతీ పట్టేస్తోంది అని చెప్పే మనిషి అబద్ధం చెప్పడం లేదు. మనం పరీక్ష చేసిన వేళ వేరు, ఆయన బాధపడే వేళ వేరు.

ఆ బాధపడే వేళను పరీక్ష గదిలోకి తెచ్చే పద్ధతులు కొత్తవేమీ కావు. ట్రెడ్‌మిల్ మీద నడిపించే టీఎంటీలో మూడేసి నిమిషాలకోసారి వేగం, ఎత్తు పెంచే బ్రూస్ పద్ధతి 1960ల నుంచీ వాడుకలో ఉంది. కాళ్లనొప్పులున్నవారికి, నడవలేనివారికి డోబ్యుటమిన్ అనే మందుతో గుండెకు శ్రమ కల్పించి తీసే స్ట్రెస్ ఎకో ఉంది. ఆ గదిలో జరిగేది ఒకసారి చూస్తే దాని విలువ తెలుస్తుంది. చేతి నరంలోకి సూదితో మందు కొద్దికొద్దిగా ఎక్కుతుంటుంది, మూడేసి నిమిషాలకోసారి మోతాదు పెంచుతారు. పడుకున్న మనిషి గుండె పరుగెత్తినట్టు కొట్టుకుంటుంది. పక్కటెముకల మీద జెల్లీ రాసి, ప్రోబ్ ఆనించి డాక్టరు స్క్రీన్ మీద గుండె గోడను ముక్కముక్కగా గమనిస్తారు. విశ్రాంతిలో చలనం లేని గోడ చిన్న మోతాదుకే కదలడం మొదలుపెట్టి, మోతాదు పెరిగాక మళ్లీ డీలా పడితే, ఆ కండరం బతికే ఉంది, రక్తం చాలక ముడుచుకుపోయిందని అర్థం. ఏ మోతాదుకూ కదలకపోతే అక్కడ మచ్చకట్టిందనే అనుమానం బలపడుతుంది. పడుకోబెట్టి తీసిన మామూలు ఎకోలో ఈ రెండు గోడలూ ఒక్కలాగే కనిపిస్తాయి. పరీక్షలో గుండెదడ, వణుకు రావచ్చు. అందుకే డాక్టరు పక్కనే ఉండి, మందులూ పరికరాలూ సిద్ధంగా పెట్టుకుని చేస్తారు.

ఈ పరీక్షలు స్టెంటుకు టికెట్లు అని మాత్రం మేం అనడం లేదు. 37 దేశాల్లో 5,179 మందితో జరిగిన ‘ఇస్కీమియా’ అధ్యయనంలో మన దేశపు రోగులూ ఉన్నారు. స్ట్రెస్ పరీక్షలో రక్తం చాలడం లేదని గట్టిగా తేలినా జబ్బు నిలకడగా ఉన్న రోగులనే తీసుకున్నారు. అయినా ముందే స్టెంటు వేసినా, బైపాస్ చేసినా, మందులతో మొదలుపెట్టినదానికంటే మరణాలు, గుండెపోట్లు తగ్గలేదని 2020లో ప్రచురితమైన ఫలితాలు చెప్పాయి. తరచూ ఛాతీనొప్పి వచ్చేవారికి మాత్రం ఉపశమనం బాగా దొరికింది. పంపింగ్ బాగా పడిపోయి, కండరం బతికే ఉందని తేలిన 700 మందితో 2022లో వెలువడిన ‘రివైవ్డ్’ అధ్యయనంలోనూ స్టెంట్లు ఆయుష్షును పెంచలేదు. ఇక్కడే ఒక హెచ్చరిక. ఈ మాటలు గుండెపోటు వచ్చి చెమటలు పడుతున్న మనిషికి వర్తించవు. ఎడమవైపు ప్రధాన నాళం మూసుకున్నవారికీ వర్తించవు. గుండెపోటులో ఎంత త్వరగా నాళం తెరిస్తే అంత కండరం దక్కుతుంది. అప్పుడు నడిపించి చూసే ప్రశ్నే లేదు.

మరి బలం కొలిచి ఏం లాభం? ఆ మనిషి ముందుముందు ఎలా ఉంటాడో దాదాపు మరే అంకె చెప్పనంత బాగా అది చెబుతుంది. ట్రెడ్‌మిల్ పరీక్షకు వచ్చిన 6,213 మంది మగవాళ్లను గమనించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, శ్రమశక్తి ఒక్క మెట్ పెరిగిన కొద్దీ బతికే అవకాశం 12 శాతం మెరుగైంది. మెట్ అంటే ఊరకే కూర్చున్నప్పుడు ఒళ్లు ఖర్చుపెట్టే శక్తి. మెట్లెక్కడానికి సుమారు నాలుగు మెట్‌లు కావాలి. ఐదు కూడా అందుకోలేనివారికి ఎనిమిది దాటినవారికంటే మరణ ముప్పు దాదాపు రెట్టింపు ఉంది. ముఖ్యమైన సంగతేమిటంటే, నాళంలోని బ్లాకును మనం నడిచి కరిగించలేకపోయినా ఈ శక్తిని క్రమమైన వ్యాయామంతో పెంచుకోవచ్చు. ఎంత ఉందో తెలిస్తేనే ఎంతతో మొదలుపెట్టాలో తెలుస్తుంది. స్టెంటు వేశాక ‘బరువులెత్తకండి, టెన్షన్ పడకండి’ అని పంపేస్తే, భయంతో మంచం దిగకుండా ఉన్న బలాన్ని కూడా పోగొట్టుకున్నవాళ్లు మన చుట్టూ లేరా? హమాలీకి, కల్లుగీత కార్మికుడికి, ఆటో నడిపేవాడికి మళ్లీ పనిలోకి ఎప్పుడు వెళ్లొచ్చన్నది కూటి ప్రశ్న. దానికి కొలిచి చెప్పిన జవాబు కావాలి.

ఆడవాళ్ల సంగతి మరీ కలవరపెడుతుంది. నొప్పి అని చెప్పరు, ‘కాస్త నీరసంగా ఉంటోంది’ అంటారు. పంపు దగ్గర్నుంచి రెండు బిందెలు తెచ్చే మనిషి ఒక బిందెతో సరిపెట్టుకుంటుంది, తర్వాత సగం నింపుకుంటుంది, తర్వాత కోడలినో కూతురినో పంపుతుంది. పని తగ్గించుకుంటూ పోవడం వల్ల ఆయాసం కనిపించకుండా పోతుంది. ఏడాది క్రితం ఏ పని చేసేవారు, ఇప్పుడు ఏది మానేశారు అని డాక్టరు అడిగితే తప్ప ఆ జబ్బు బయటపడదు.

రెండు రాష్ట్రాల ప్రభుత్వాలకూ మా విన్నపం ఇది. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పటి నుంచి పేదవాడి గుండెకు ఆపరేషన్ అందుబాటులోకి వచ్చింది, అది చిన్న విషయం కాదు. అదే శ్రద్ధ ఇప్పుడు ఆపరేషన్‌కు ముందు బలం కొలవడం మీదా, తర్వాత నెలల తరబడి ఇచ్చే వ్యాయామ శిక్షణ మీదా పెట్టాలి. బోధనాసుపత్రుల్లో స్ట్రెస్ ఎకో చేయగల డాక్టర్లను, టెక్నీషియన్లను పెంచాలి. జిల్లా ఆసుపత్రులకు అంత కూడా అక్కర్లేదు. ఆరు నిమిషాల నడక పరీక్షకు కావలసింది 30 మీటర్ల వరండా, ఒక కుర్చీ, ఒక గడియారం, బీపీ, ఆక్సిజన్ చూసే మామూలు పరికరాలు, పక్కన ఒక నర్సు. రోగి తన వేగంతో అటూ ఇటూ నడుస్తారు, ఆయాసమొస్తే ఆగుతారు, తేరుకుంటే మళ్లీ నడుస్తారు. చివర్లో ఎన్ని మీటర్లో రాస్తారు. డిశ్చార్జి కాగితంలో బ్లాకుల వరుస కింద ఇంకో వరుసకు చోటివ్వండి. ఎన్ని నిమిషాలు నడిచారు, ఎంతదూరం, ఆపింది ఏమిటి, ఊపిరా, కాళ్లా, ఛాతీయా అని అందులో రాయండి. మూడు నెలలకు మళ్లీ వచ్చినప్పుడు అదే వరండాలో మళ్లీ నడిపించి, పాత అంకె పక్కన కొత్తది వేయండి.