వంటగది అనకుండానే వంటగది

ఖాళీ స్థలంలో సున్నంతో గీతలు పోస్తున్న మా మేస్త్రీని వంటగది సంగతి అడిగానో లేదో, పొయ్యి గట్టు, సింకు, పక్కన స్టోరు, వెనక అంట్లు తోముకునే చోటు గడగడా చెప్పేశాడు. ఏ లెక్కన అంటే "ఎన్ని కట్టలేదు సార్" అన్నాడు. డిజైనర్ బుర్ర నడిచేది ఇలాగే, రూల్స్‌తో కాదు. 'ఇలా ఉంటే అలా చెయ్యి' అని రూల్స్ పేర్చి 1980ల్లో ఎక్స్‌పర్ట్ సిస్టమ్స్ (నిపుణుడిలా జవాబు చెప్పే కంప్యూటర్ ప్రోగ్రాములు) వాళ్లు పడ్డ పాట్లు తెలిసినవే.

1986లో రూమెల్‌హార్ట్, స్మోలెన్‌స్కీ, మెక్‌లెలాండ్, హింటన్ (2024లో ఫిజిక్స్ నోబెల్ పంచుకున్న హింటనే) అనే పరిశోధకులు రూల్స్ లేకుండా కంప్యూటర్‌లో చేసిన ఓ చిన్న ప్రయోగం చూడండి. మంచం, సోఫా, ఫ్రిజ్, టైప్‌రైటర్ లాంటి మాటలు మొత్తం 40, ఒక్కోటీ ఆన్, ఆఫ్ అయ్యే బల్బు లాంటిది, అన్నీ కలిపి ఓ నెట్‌వర్క్. ఒకే గదిలో కనిపించే వాటి మధ్య లంకె గట్టిగా ఉంటుంది, కలవనివి ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి, అంతే. వంటగది అనే మాట ఆ నెట్‌వర్క్‌లో ఎక్కడా లేదు. అయినా ఓవెన్ అనే మాటను ఆన్ చేసి వదిలేస్తే సింకు, ఫ్రిజ్, అల్మరా వెలుగుతూ వచ్చి వంటగది తయారైంది! అసలు మజా తర్వాత ఉంది. మంచం, సోఫా రెండూ కలిపి ఇస్తే అది తికమక పడలేదు, ఫైర్‌ప్లేస్‌తో సహా ఓ పెద్ద పడకగదిని ఇచ్చింది. పాత జ్ఞాపకాలు కలిసి కొత్త గదైంది, డిజైన్ అంటే ఇంకేమిటి? సిడ్నీలో రిచర్డ్ కోయిన్ లాంటి పరిశోధకులు ఈ దారినే డిజైన్ పరిశోధనలోకి తెచ్చారు.

ఆ గదే ఎందుకో నెట్‌వర్క్ చెప్పలేదు, గోడ నిలుస్తుందో లేదో దానికి తెలీదు అంటారు. నిజమే. మా మేస్త్రీ మాత్రం ఎందుకో చెప్పాడా? స్లాబు లెక్క చూసుకోడానికి ఇంజినీరు ఉన్నాడు.

నన్ను తొలిచేది ఆ ఫైర్‌ప్లేస్. అది అమెరికా ఇళ్ల జాబితా, అందులో అరుగు లేదు, దేవుడి గూడు లేదు, దండెం లేదు, కాబట్టి ఆ నెట్‌వర్క్ ఎంత ఊహించినా అవి రావు. ఇవాళ్టి ఏఐ జాబితా 40 కాదు, కోట్లు, కానీ రోగం అదే. మొన్న సరదాకి ఒకదాన్ని మండువా లోగిలి గీయమంటే, వాన పడాల్సిన నడిమధ్య గాజు కప్పేసి కింద సోఫా వేసింది. తప్పు దానిది కాదు, మనం చూపించిందేముంది గనక? మన ఆర్కిటెక్చర్ పిల్లలు విదేశీ విల్లాల ఫొటోలు పోగేసుకున్నంత ఓపిగ్గా సొంతూళ్లో కూలిపోతున్న లోగిలిని టేపు పట్టి కొలిచారా?

మా మేస్త్రీకి అరవై దాటాయి. కట్టిన ఇళ్ల ప్లాన్లు కొన్ని పాత పెళ్లి కార్డుల వెనక గీసి ఉన్నాయి, మిగతావన్నీ ఆయన తలలోనే.