ఐదో డౌన్ బాకీ

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో 1990 సీజన్ టైటిల్ ఎవరిదన్న వాదన మూడున్నర దశాబ్దాలైనా చల్లారలేదు. పాత్రికేయులు ఓటేసే అసోసియేటెడ్ ప్రెస్ పోల్ కొలరాడోకు పట్టం కట్టింది. కోచ్‌లు ఓటేసే యునైటెడ్ ప్రెస్ ఇంటర్నేషనల్ (యూపీఐ) వార్తాసంస్థ పోల్ జార్జియా టెక్ వైపు మొగ్గింది, అదీ 847కు 846, ఒక్క పాయింటు తేడాతో. అప్పట్లో ప్లేఆఫ్ లేదు. అగ్రశ్రేణి జట్లకు కాలేజీ క్రీడల పాలక సంస్థ ఎన్‌సీఏఏ స్వయంగా టైటిల్ ఇచ్చే పద్ధతి అసలే లేదు. అందుకే ఒకే ఏడాదికి ఇద్దరు విజేతలు మిగిలారు. ఇప్పుడు ఆ లెక్క మళ్లీ తీస్తున్న అభిమానులు రెండు ప్రశ్నలను ఒకటిగా కలిపేస్తున్నారు. అధికారుల లెక్క తప్పడంతో అదనంగా దక్కిన ఐదో డౌన్‌లో, అంటే ఐదో ప్రయత్నంలో, మిజోరీపై కొలరాడో సాధించిన గెలుపును రద్దు చేయాలా? ఆ సీజన్‌లో మొదటి స్థానం ఎవరికి దక్కాలి? మొదటిదానికి మా జవాబు: అక్కర్లేదు. రెండోదానికి: జార్జియా టెక్‌కు.

1990 అక్టోబర్ 6న మిజోరీ రాష్ట్రం కొలంబియాలోని ఫారట్ ఫీల్డ్‌లో ఏం జరిగిందో వరుసగా చూడాలి. ఆతిథ్య జట్టు 31-27తో ముందుంది. ఇంకా 31 సెకన్లు ఉండగా కొలరాడోకు గోల్‌లైన్‌కు 3 గజాల దూరంలో ఫస్ట్ డౌన్ దక్కింది. అక్కడి నుంచి నాలుగు డౌన్లు, అంటే నాలుగు ప్రయత్నాలు. ఆలోగా గీత దాటకపోతే బంతి ప్రత్యర్థికి పోతుంది. గాయపడ్డ డేరియన్ హేగన్ స్థానంలో ఆడుతున్న క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపే ఆటగాడు) చార్లెస్ జాన్సన్, గడియారాన్ని ఆపడానికి మొదటి డౌన్‌లో బంతిని నేలకు కొట్టాడు. రెండో డౌన్‌లో ఎరిక్ బియెనమీ గజం దూరం దాకా చొచ్చుకెళ్లాడు. 18 సెకన్ల దగ్గర కొలరాడో తన చివరి టైమౌట్ తీసుకుంది.

తప్పు పుట్టింది ఆ విరామంలోనే. సైడ్‌లైన్‌లో కర్ర మీద ఉండే డౌన్ మార్కర్‌ను 2 నుంచి 3కు తిప్పాలి, తిప్పలేదు. మూడో డౌన్‌లో బియెనమీని మిజోరీ ఆపేసింది, అప్పుడు మార్కర్ 3కు మారింది. నిజానికి ఇక ఆడబోయేది నాలుగోది. ఇంకో డౌన్ ఉందనుకున్న జాన్సన్ 2 సెకన్లు ఉండగా మళ్లీ బంతిని నేలకు కొట్టాడు. ఆట అక్కడ ముగియాలి. ముగియలేదు. ఐదో డౌన్‌లో జాన్సన్ బంతితో గుంపులోకి దూరాడు, అధికారులు టచ్‌డౌన్ (గీత దాటితే వచ్చే ఆరు పాయింట్లు) ఇచ్చారు. బంతి గీత దాటిందా అన్నది ఇప్పటికీ తేలని మరో తగాదా. స్కోరు 33-31.

ఏడుగురు అధికారుల్లో ఒక్కరికీ లెక్క ఎందుకు అందలేదు? డౌన్ గుర్తుంచుకోవడానికి ఫుట్‌బాల్ అధికారులు మణికట్టుకు ఎలాస్టిక్ పట్టీ కట్టుకుంటారు. దాని ఉచ్చును మొదటి డౌన్‌కు చూపుడు వేలికి, రెండోదానికి మధ్య వేలికి, అలా జరుపుతూ పోతారు. బంతి ఆగిన వెంటనే జరపాలి. టైమౌట్ వస్తే గడియారం, కోచ్‌లు, మిగిలిన టైమౌట్లు అంటూ ధ్యాస పక్కకు పోతుంది. పైగా బంతిని నేలకు కొట్టినప్పుడు డౌన్ ఖర్చవుతుంది కానీ బంతి అంగుళం కదలదు. బంతి ఉన్న చోటును బట్టి గుర్తు తెచ్చుకుందామన్నా ఆధారం దొరకదు. ఒకే వరుసలో అలాంటివి రెండు వచ్చాయి.

రెండు జట్లూ సభ్యులుగా ఉన్న లీగ్ బిగ్ ఎయిట్ కాన్ఫరెన్స్ ఆ ఏడుగురినీ నిరవధికంగా సస్పెండ్ చేసింది, ఫలితాన్ని మాత్రం మార్చలేదు. మ్యాచ్ ముగిశాక సరిదిద్దగల తప్పు కాదంది. క్రికెట్ తెలిసిన మన పాఠకులకు ఇది కొత్తగా తోచదు. అంపైర్ బంతులు తప్పు లెక్కపెడితే ఆయన లెక్కించిన ఓవరే చెల్లుతుందని చట్టంలోనే ఉంది. అంతకన్నా బలమైన కారణం మరొకటి ఉంది. మార్కర్ సరిగ్గా 4 చూపి ఉంటే జాన్సన్ బంతిని నేలకు కొట్టేవాడే కాదు, గజం దూరం నుంచి గోల్‌లైన్ దాటడానికి ప్రయత్నించేవాడు. ఐదో డౌన్‌ను కొట్టేస్తే మిజోరీకి దక్కేది ఎవరూ ఆడని నాలుగో డౌన్‌తో వచ్చిన గెలుపు.

గెలుపును వదులుకునే హక్కు మాత్రం కొలరాడోకు ఉండింది. 1940లో ఇలాగే ఐదో డౌన్‌తో డార్ట్‌మత్‌పై 7-3తో నెగ్గిన కార్నెల్, ఫిల్మ్ చూశాక గెలుపును వదిలేసింది. అది 3-0తో డార్ట్‌మత్ ఖాతాలో చేరింది. కొలరాడో కోచ్ బిల్ మెకార్ట్‌నీ, తానే ఒకప్పుడు మిజోరీ ఆటగాడై ఉండి కూడా, మైదానం జారుడుగా ఉందని వాదించి నిలబడ్డారు. జారుడు ఇరుజట్లకూ ఒకటే, అదనపు డౌన్ ఒక్కరికే వచ్చింది. ఏళ్ల తర్వాత ఆయన పశ్చాత్తాపపడ్డారు. ఆ పశ్చాత్తాపాన్ని మేం గౌరవిస్తున్నాం.

టైటిల్ సంగతి వేరు. పోల్ అంటేనే అభిప్రాయం, ఐదో డౌన్‌ను తూకంలో వేసే స్వేచ్ఛ ఓటరుకు పూర్తిగా ఉంది. కొలరాడో రికార్డు 11-1-1: టెనెసీతో 31-31 డ్రా, ఇల్లినాయ్ చేతిలో 23-22 ఓటమి. మిజోరీ గెలుపును ఓటమిగా లెక్కిస్తే 10-2-1. అప్పుడు కూడా బిగ్ ఎయిట్ టైటిల్ కొలరాడోదే, నంబర్ వన్ మాత్రం కాలేదు. జార్జియా టెక్ 11-0-1, నార్త్ కరోలినాతో 13-13 డ్రా ఒక్కటే మచ్చ. అప్పటి నంబర్ వన్ వర్జీనియాను దాని సొంత మైదానంలోనే 41-38తో ఓడించింది, 7 సెకన్లుండగా స్కాట్ సిసన్ కొట్టిన 37 గజాల ఫీల్డ్ గోల్‌తో (బంతిని గోల్ స్తంభాల మధ్యకు తన్ని సాధించేది).

కొలరాడో అభిమానుల వాదనలో బలం లేకపోలేదు. టెనెసీ, వాషింగ్టన్, టెక్సస్, నోటర్‌డామ్‌లతో తలపడిన జట్టు అది, జార్జియా టెక్ ప్రత్యర్థుల జాబితా అంత కఠినం కాదు. ఇద్దరూ ఆడిన నెబ్రాస్కాపై టెక్ 45-21తో, కొలరాడో 27-12తో గెలిచాయి. టెక్‌తో ఆడేనాటికి నెబ్రాస్కా ప్రధాన క్వార్టర్‌బ్యాక్ గాయంతో దూరమయ్యాడు కనుక ఆ తేడాను కొంత తగ్గించే చూడాలి. ఇన్ని తగ్గింపులూ వేశాక కూడా ఓటమి ఎరగని జట్టును, ఒకసారి ఓడి మరోసారి ఐదో డౌన్‌తో బయటపడ్డ జట్టుకు వెనక నిలబెట్టడం న్యాయం కాదు.

ఇప్పటి నిబంధనల ప్రకారం డౌన్ అంకెలో తప్పును ఆ వరుస ముగిసి తర్వాతి ఆటకు బంతి కదిలేలోపు సరిదిద్దవచ్చు, రీప్లే సాయమూ ఉంది. హైస్కూలు, చిన్న కాలేజీ మ్యాచ్‌ల్లో చాలాచోట్ల ఆ సాయం ఉండదు. అక్కడ ప్రతి టైమౌట్ తర్వాతా బంతి ఆడించే ముందు రిఫరీ, సైడ్‌లైన్ అధికారి ఒకరికొకరు వేళ్లతో డౌన్ చూపుకోవాలి. అంకె కలిశాకే ఈల వేయాలి.